గురవమ్మ చదవలేకపోయిన పెదవులు

కృపారాణి పలకని మాటలను కృపారాణి గొంతుతో పలికించారు. పలికించే ముందు ఆమెను అడగలేదు. పలికించిన తరువాత ఆమెకు చెప్పలేదు. చివరన తెర మీద, వెరీనా పాత్రకు గాత్రం ఎవరిదో చెప్పే వరుసలో, ఆమె పేరే వేశారు. "నెత్తుటి గడప" మూడో సీజన్ చివరి భాగంలో జరిగిన సంగతి ఇది.

కృపారాణిది నగరి. మరమగ్గాల షెడ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉండే వీధిలో ఆమె పుట్టింది, పెరిగింది, ఇప్పటికీ అక్కడే ఉంటోంది. తల్లి గురవమ్మ చెంగల్రాయుడి షెడ్డులో మగ్గం నడిపేది. కృపారాణికి ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఇంట్లో చూసుకునేవారు లేక, గురవమ్మ బిడ్డను షెడ్డుకే తెచ్చి, నూలు చుట్టిన కండెల గంప పక్కన పాత చీర పరిచి పడుకోబెట్టేది. ఆ మోతలో నిద్రపోవడం నేర్చుకున్న పిల్ల ఆ మోతలోనే మాట కూడా నేర్చుకుంది.

షెడ్డులో మాట ఎలా ఉంటుందో బయటివారికి తెలియదు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతున్నప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందువల్ల అక్కడ ఎవరూ అరవరు. పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు కలపకుండా, మాటను నోటితో నిండుగా, నిదానంగా, ఎదుటి మనిషి కంటికి అందేలా గీస్తారు. ఈ మూల నుంచి ఆ మూలకు తగవులు, కూరల సంగతులు, పెళ్లి సంబంధాలు అన్నీ అలాగే నడుస్తాయి. యజమాని తల అటు తిప్పాడంటే ఆయన మీద పరాచికాలు ఆయన వీపు వెనుకే నిశ్శబ్దంగా ఊరేగుతాయి. కృపారాణి మాటను వినడానికి ముందు చూసింది. తనకు దొరికిన మొదటి చదువు అదేనని, ఆ చదువు చెప్పిన ఆడవాళ్లకు ఏనాటికీ రుణం తీర్చలేనని ఆమె అంటుంది.

ఆమెను చెన్నైకి చేర్చింది గొంతు, అక్కడ నిలబెట్టింది ఆ చదువే. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమే. మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా వినపడే గొంతు. ఆ చర్చికి వచ్చే ఒకామె చెన్నైలోని ఒక డబ్బింగు స్టూడియోలో ఊడ్చే పని చేసేది. అక్కడ గుంపు గొంతులకు మనుషులు కావాలన్నారు. తెర మీద జనం ఏడ్చేచోట ఏడవాలి, పరుగెత్తేచోట కేకలు పెట్టాలి, అంతే. ఆమె కృపారాణిని వెంటబెట్టుకుని రైలెక్కింది.

మొదటి రోజే నవ్వులపాలయింది. సౌండ్ రికార్డిస్టు బాలచంద్ర ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, తెర మీద ఒక ముసలామె వానలో నిలబడి ఏడుస్తూ మాట్లాడే ముక్క చూపించి, చెప్పమ్మా అన్నాడు. హెడ్‌ఫోన్లలో వాన, ఉరుము, సంగీతం కలిసి హోరెత్తాయి. కృపారాణి చెప్పింది. బాలచంద్రకు ఏమీ వినపడలేదు. తీగ పీకి మళ్లీ పెట్టాడు. మైకు మార్చాడు. మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. చివరికి అతడు రెండు గదుల మధ్య ఉన్న అద్దం దగ్గరికి వచ్చి ఆమె ముఖంలోకి చూశాడు. నోరు ఆడుతోంది, గొంతు లేదు. చెవిలో మోత పడగానే ఆమె ఒళ్లు షెడ్డులో ఉన్నాననుకుంది.

"ఏమ్మా, మనసులో చదువుకుంటున్నావా?" అన్నాడు లోపలికి వచ్చి.

"సెప్తానే ఉండాను కద సార్."

"ఎవరికి?"

"ఆ ముసలామెకి."

గది అంతా నవ్వింది. బాలచంద్ర కూడా నవ్వాడు గానీ ఆమెను పంపించేయలేదు. ఆ ముక్కను మళ్లీ వేసి, ఈసారి తెరను కాక ఆమె పెదవులను చూశాడు. అవి తెర మీది పెదవులతోపాటు తెరుచుకుని, వాటితోపాటే మూసుకుంటున్నాయి. "గొంతు నేను తెప్పిస్తాను. ఇది మాత్రం నేను నేర్పలేను" అని, హెడ్‌ఫోన్ ఒక పక్కకు జరిపి, ఒక చెవి ఖాళీగా ఉంచుకోమన్నాడు. తన గొంతు తనకు తగలగానే ఆమె షెడ్డులో నుంచి బయటికి వచ్చింది. ఆ ఒక్క చెవిని విడిపించినందుకు కృపారాణి తన ప్రార్థనలో బాలచంద్ర పేరు తలవని రోజు లేదు.

కొన్నేళ్లు గుంపులో ఏడ్చింది. పనిమనిషికీ, నర్సుకీ, పక్కింటామెకీ గొంతు ఇచ్చింది. ఆ తరువాత వెరీనా వచ్చింది.

"నెత్తుటి గడప" విదేశీ ధారావాహిక. వెరీనా అందులో మూడు వందల ఏళ్లుగా చావు లేకుండా బతుకుతున్న రక్తపిశాచి. మనుషుల నెత్తురు తాగుతుంది. పగటి వెలుతురు తగిలితే బూడిదవుతుంది. లోపల ఉన్నవారు నోరు తెరిచి పిలిస్తే తప్ప ఏ ఇంటి గడపనూ దాటడానికి వీల్లేదు. ఒక రోజు తాను అందరినీ చంపిన ఇంట్లో మిగిలిపోయిన పసిబిడ్డను ఆమె ఎత్తుకుని పెంచుతుంది. కథ అంతా ఆ బిడ్డ చుట్టూ తిరుగుతుంది. దీన్ని తెలుగు చేసి ఒక ఛానెల్ శనివారం సాయంత్రాలు చూపించడం మొదలుపెట్టాక, మగ్గాల వీధి వెరీనాకు దొరసాని అని పేరు పెట్టుకుంది.

వెరీనా పాత్ర దొరికిన వారం కృపారాణి చర్చిలో సాక్ష్యానికి నిలబడింది. ఆరాధన నడుమ ఎవరైనా లేచి, ఆ వారం తమకు జరిగిన మేలు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించే ఆనవాయితీ అక్కడ ఉంది. జ్వరం తగ్గినందుకు, పిల్లలు పాసైనందుకు లేచేవారి మధ్య ఆమె లేచి, "నెత్తురు తాగే దయ్యానికి గొంతు ఇచ్చే పని దొరికినందుకు దేవునికి స్తోత్రం" అన్నది. అలవాటుగా "ఆమెన్" అనేసిన జనం ఆ తరువాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు దగ్గి, "పని దొరికినందుకు మాత్రం ఆమెన్" అని సర్దారు.

అప్పటికే గురవమ్మ చెవులు పోతున్నాయి. ఏళ్ల తరబడి మగ్గాల మధ్య నిలబడిన చెవులు అవి. వాటిని కాపాడుకోవడానికి ఏదైనా ఇవ్వాలని యజమానులకు తోచలేదు. ఇప్పించడం తమ బాధ్యత అని అధికారులకూ తోచలేదు. పూర్తి చెవుడు కాదు. గొంతు తగులుతుంది, అందులోని మాట విడిపడదు. ఎదుటి మనిషి పెదవులు కనబడితే, చెవికి తగిలినదీ కంటికి కనబడినదీ కలిసి మాటవుతాయి. సగం చెవితో, సగం కంటితో ఆమె వింటుంది. అందుకే డబ్బింగు సీరియళ్లంటే ఆమెకు తలనొప్పి. నోరు ఒకటి చెబుతుంటే గొంతు ఇంకొకటి చెబుతుంది.

ఒక శనివారం ఆమె కూతురితో, నిష్ఠూరమేమీ లేకుండా, "అందురూ నీ దొరసాని బాగా మాట్లాడతాదంటా ఉండారు. నాకి ఏమంటాదో తెల్దు. ముఖం మట్టుకు బాగుండాది" అన్నది.

ఆ మాట కృపారాణిని పట్టుకుంది. వీధి అంతా వింటున్న తన గొంతు తల్లికి ఒక్కదానికే అందడం లేదు. ఆ మరునాటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి మొదలయింది. ఆ ధారావాహిక మూలభాషలో అప్పటికే వచ్చేసింది. ఫోనులో ఎవరైనా చూడవచ్చు. కృపారాణి ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టి, శబ్దం తీసేసి, వెరీనా మాట్లాడే చోటు పెట్టేది. తాను పక్కనే కూర్చుని, తన నోటికి పైట కొంగు అడ్డం పెట్టుకుని, తెలుగు మాట చెప్పేది. గురవమ్మ చూపు వెరీనా పెదవుల మీదే ఉండాలి. విన్న మాటను గురవమ్మ తిరిగి చెబితే ఆ మాట నిలిచినట్టు. "ఆఁ?" అంటే ఆ మాట పోయినట్టు. పెదవులు మూతపడే చోట మూతపడే మాట, గుండ్రమయ్యే చోట గుండ్రమయ్యే మాట దొరికేదాకా ఇద్దరూ వెతికేవారు. సంకటి అడుగంటిన రోజులున్నాయి.

"ఇంగ సాలు మే, ఆకలేస్తా ఉండాది. దొరసానికి నెత్తురు దొరికింది, మనకి సంకటి ల్యాకపాయ" అని గురవమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే చూపు ఫోను మీద నుంచి తీసేది కాదు.

స్టూడియోలో మాటలు మార్చడానికి మొదట రచయిత ఒప్పుకోలేదు. బాలచంద్ర రెండు రకాలుగానూ రికార్డు చేసి ఆయనకు చూపించాడు. ఆ తరువాత ఆయన అడ్డు చెప్పలేదు. ప్రతిసారీ మైకు ముందుకు వెళ్లేముందు బాలచంద్ర, "నగరి సెన్సారు పాస్ చేసిందా?" అని అడిగేవాడు. చేసిందంటే రికార్డింగు మొదలైనట్టు గుర్తుగా లైటు వేసేవాడు. అలా మూడు సీజన్ల వెరీనా మాటలు, లోకమంతటి కోసం కాక, సగం చెవితో వినే ఒక మగ్గం మనిషి కోసం కూర్చినవి. లోకానికీ అవే నచ్చాయి.

చివరి భాగంలో వెరీనా పెంచిన బిడ్డ ముసలిదై మంచం మీద ఉంటుంది. వెరీనా మాత్రం పడుచుగానే ఉంటుంది. తెల్లవారబోతుండగా ఆ ఇంటి గడప బయట వచ్చి నిలబడుతుంది. లోపలికి పిలిస్తే కొరికి, తనలాగే చావు లేని దాన్ని చేసి బతికించుకోగలదు. ఆ బిడ్డకు అది ఇష్టం లేదని వెరీనాకు తెలుసు. అందుకని గడప అవతలే నిలబడి, పిలవవద్దని తానే వేడుకుంటుంది. మాట పూర్తయ్యేసరికి వెలుతురు వస్తుంది.

ఆ మాట కోసం తల్లీ కూతుళ్లు వారాల తరబడి కూర్చున్నారు. "రమ్మనవద్దు" అని చెప్పి చూసింది. గురవమ్మ "ఆఁ?" అన్నది. "లోపలికి రానివ్వకు" అన్నది. మళ్లీ "ఆఁ?" ఒక సాయంత్రం గురవమ్మ ఆ ముక్కను ఊరికే, ఎవరూ ఏమీ చెప్పకుండా, పదే పదే చూసింది. చూసి చూసి తన నోటితోనే, వెరీనా పెదవులను అనుసరిస్తూ, అన్నది:

"నన్ను పిలవొద్దమ్మా. పిలిస్తే వస్తాను. వస్తే మళ్లీ పోలేను."

కృపారాణి ఆ ముక్కను మళ్లీ పెట్టి చూసింది. పెదవులు మూసుకోవలసిన చోటల్లా మూసుకున్నాయి. వెరీనా ముఖంలో నీళ్లు తిరిగే చోట "అమ్మా" వచ్చింది. ఆ మాట రాసింది ఏ రచయితా కాదు. శనివారం టీవీలో తన మాటను తన కూతురి గొంతులో వినాలని గురవమ్మకు పెద్ద ఆశ పుట్టింది. బయటికి ఎప్పుడూ చెప్పలేదు. దారిన పోయేవారిని మాత్రం "కడా భాగం ఎప్పుడంట?" అని అడుగుతూ ఉండేది.

స్టూడియో నుంచి పిలుపు రాలేదు. అడిగితే, పిలుస్తామన్నారు. ఇంకా రీలు రాలేదన్నారు. తరువాత ఫోను ఎత్తలేదు. ఇంతలో చివరి భాగం ఈ శనివారమే అని ప్రకటన వచ్చింది. పాత ముక్కలతో కట్టిన ప్రకటన కాబట్టి అందులో కృపారాణి గొంతే ఉంది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. వేరెవరి చేతనో చెప్పించి ఉంటారనుకుని, మనసు గట్టి చేసుకుంది.

శనివారం సాయంత్రం చెంగల్రాయుడు తనంతట తానే మగ్గాలు ఆపించాడు. గురవమ్మకు వినపడాలంటే మోత ఉండకూడదని ఆయనకు తెలుసు. తన ఇంటి టీవీని మోయించి షెడ్డు ముందు గదిలో బల్ల మీద పెట్టించాడు. ఆ చెవులు పోయింది తన షెడ్డులోనే అన్న సంగతి ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. మగ్గాలు ఆపడమే ఆయన అన్న మాట కావచ్చు. పక్క మగ్గం మోహన ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చింది. గురవమ్మను ముందు వరుసలో, తెరకు ఎదురుగా కూర్చోబెట్టారు.

"దొరసాని సచ్చిపోతాదంట కదా మే కృపా?" అన్నది మోహన.

"సూడుక్కా, ముందే సెప్తే ఏం రుచి?"

"నువ్వు సెప్పకపోతే నీ దయ్యం నా కలలోకి వచ్చి సెప్తాది. పోయిన వారం వచ్చింది. పిలవకండానే వచ్చింది."

కథ నడిచింది. వెరీనా నోరు తెరిచింది. కృపారాణి తన గొంతు విన్నది.

వేరెవరిదో కాదు, తనదే. అదే జీర. మాట చివర అదే సన్నని విరుపు. మొదట ఆమె అనుమానించింది డబ్బింగు సంస్థను కాదు, తనను. ఎప్పుడు చెప్పాను? జ్వరంతో ఉన్న రోజు ఏమైనా చెప్పించుకున్నారా? చెప్పి మరిచిపోయానా? తన గొంతే తనకు సాక్ష్యం చెబుతుంటే కాదనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె భుజం తడుతున్నారు. "రొంబ బాగా సెప్పినావు మే" అంటున్నారు.

వెరీనా గడప దగ్గరికి వచ్చింది. వెలుతురు రాబోతోంది. పెదవులు కదిలాయి. కృపారాణి గొంతు ఇలా అన్నది: "దయచేసి నన్ను లోనికి ఆహ్వానించవద్దు. ఆహ్వానించినచో నేను ప్రవేశిస్తాను."

"ఇదేందిమే, పెండ్లికార్డు మాదిరి మాట్లాడతా ఉండాది?" అన్నది మోహన. ఎవరో నవ్వారు.

గురవమ్మ నవ్వలేదు. ముందుకు వంగి, కళ్లు చిట్లించి, తెరకేసి చూస్తోంది. ఆమె పెదవులు తాను కూర్చిన మాటను లోలోపల పలుకుతున్నాయి. చెవికి మాత్రం వేరే ఏదో తగులుతోంది. ఆ ముఖంలో మొదట తికమక, ఆ తరువాత ఏదో చేజారుతున్నప్పటి కంగారు కనిపించాయి. తెర మీద వెరీనా బూడిదయింది. గురవమ్మ వెనక్కి తిరిగి, చెవులు వినపడనివారు మాట్లాడే పెద్ద గొంతుతో, అందరికీ వినపడేలా అన్నది:

"అది నువ్వు కాదు."

"గొంతు నాదేమ్మా..."

"గొంతు నీదే. నోరు ఒగటి సెప్తా ఉండాది, గొంతు ఒగటి సెప్తా ఉండాది. నా బిడ్డ నాకి ఎప్పుడూ ఇట్ల సెయ్యలా. అది నువ్వు కాదు."

కృపారాణి అప్పుడు ఏడ్చింది. ఏడుపులో దుఃఖం ఎంత ఉందో, తాను మతి తప్పలేదని తెలిసిన ఊరట కూడా అంతే ఉంది.

తిరుపతివాడైన పద్మనాభ్ ఆ డబ్బింగు సంస్థ వ్యవహారాలు చూస్తాడు. ఆ సాయంత్రమే ఆమె ఫోను చేస్తే, ఈసారి ఎత్తాడు. అతడి గొంతులో దాపరికం లేదు, సంబరం ఉంది.

"చూశారా అమ్మా? ఇన్నాళ్లు మీరు చెప్పినవన్నీ కంప్యూటరుకి వినిపించాం. అది నేర్చేసుకుంది. మా ఆఫీసులో ఒక్కరు కూడా కనిపెట్టలేదు తెలుసా!"

"మాయమ్మ కనిపెట్టింది సార్."

"అమ్మగారు కూడా ఈ లైనులోనే ఉన్నారా?"

"ల్యా. మగ్గం పని. ఇప్పుడు చెవులు సరీగా వినపడవు."

అవతల నవ్వు. కృపారాణి ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"నన్ను ఒక మాట అడగల్సింది సార్."

"పేరు వేశాం కదమ్మా! ఇంకొకరైతే అదీ వేసేవారు కాదు. ఒప్పందం మీద సంతకం కూడా చేశారు మీరు. ఇకమీద మీరు రైలెక్కి రానక్కరలేదు, హాయిగా ఇంట్లోనే ఉండండి."

ఆమె సంతకం చేసింది స్టూడియోలో నిలబడి తాను పలికిన మాటలకు. పలకని మాటలకు ఎవరూ సంతకం చేయలేరు. ఈ రెంటికీ ఉన్న తేడా పద్మనాభ్‌కు తెలియదని అనుకోవడం అతడి తెలివిని అవమానించడమే అవుతుంది. ఇక పేరు సంగతి. పనిచేసిన మనిషి పేరు దాచడం ఒక తప్పు. చేయని పనికి ఆ మనిషి పేరు తగిలించి, దాన్ని మర్యాద అని చెప్పుకోవడం అంతకన్నా నీచమైన తప్పు. "దయచేసి నన్ను లోనికి ఆహ్వానించవద్దు" అన్న వాక్యం ఇవాళ కృపారాణి పేరు మీద ఉంది.

బాలచంద్ర తానే ఫోను చేశాడు. అతడిని కూడా పిలవలేదు. అతడికీ టీవీ చూశాకే తెలిసింది. "నగరి సెన్సారు ఏమన్నది?" అని అడిగాడు. "ఫెయిలు చేసింది సార్" అంటే, "బతికించింది" అన్నాడు.

మరునాడు ఆదివారం. చర్చిలో సాక్ష్యాల వేళకు కృపారాణి లేచింది. రాత్రంతా కూర్చుకున్న మాటలు నాలుక మీద ఉన్నాయి. అన్యాయం అనే మాట అందులో చాలాసార్లు ఉంది. జనం ఆమె వైపు తిరిగారు. పక్కనే గురవమ్మ, ఎప్పటిలాగే, కూతురి పెదవుల వంక చూస్తూ కూర్చుంది. ఆ చూపు చూశాక కృపారాణి నోట వేరే మాట వచ్చింది.

"నా గొంతు నాదా కాదా అని నాకే అనుమానం వచ్చిన పొద్దు, మాయమ్మ కండ్లు అబద్ధం సెప్పలేదు. దానికి స్తోత్రం. నాకి మాట నేర్పించిన షెడ్డుకి స్తోత్రం. మా వీధికి స్తోత్రం. మగ్గాలు నిలిపేసిన చెంగల్రాయుడన్నకి స్తోత్రం." కొంచెం ఆగి, "దొరసానికి కూడా" అన్నది. ఈసారి పాస్టరుగారు దగ్గలేదు. ఆయనే ముందుగా ఆమెన్ అన్నారు.

ఆ మధ్యాహ్నం ఛానెల్‌లో చివరి భాగాన్ని మళ్లీ వేస్తారు. ఆలోచన మోహనది. "గొంతు తీసేయమే. నువ్వు ఈడనే కూసోని సెప్పు" అన్నది. వీధి మళ్లీ షెడ్డు ముందు గదిలో చేరింది. మోహన ఆ పెట్టె నోరు నొక్కేసింది. కృపారాణి టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని, ఇంట్లో కూర్చున్నట్టే పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంగల్రాయుడు వచ్చి గుమ్మం బయటే ఆగాడు.

"ఏందన్నా, ఆడనే నిలబడినావు?" అన్నది మోహన. "నీ షెడ్డే కదా, లోపలికి రాకూడదా?"

"దొరసాని రూలు కదమ్మా. పిలవకపోతే రాకూడదంట."

"సరే, వచ్చి కూసో. నెత్తురు మట్టుకు అడగద్దు."

కథ చివరకు వచ్చింది. గడప బయట వెరీనా నిలబడింది. కృపారాణి ఒక చెవి మీద చేయి పెట్టుకుని, రెండో చెవి ఖాళీగా ఉంచుకుని, చెప్పింది. "నన్ను పిలవొద్దమ్మా." గురవమ్మ చూపు వెరీనా పెదవుల మీద నిలిచింది. చెవికి తగిలినదీ కంటికి కనబడినదీ ఒకటయ్యాయి. ఆమె ముఖం విప్పారింది. "పిలిస్తే వస్తాను" అని కూతురు అంటుంటే తల్లి కూడా, చెవులు వినపడనివారి పెద్ద గొంతుతో, "వస్తే మళ్లీ పోలేను" అన్నది. తెర మీద పెదవులు ఇద్దరితోనూ కలిసి మూసుకున్నాయి. వెలుతురు వచ్చింది.

గురవమ్మ కూతురి ముఖం మీది కొంగును పక్కకు లాగి, గొంతు కలపకుండా, మగ్గాలు ఆడుతున్నప్పటిలా పెదవులతో, "వినపడింది" అన్నది.

అక్కడ కూర్చున్న కొందరు ఆ మాటను చూశారు. ఆ ఇంటికి ఆ మధ్యాహ్నం సరిపోయింది. మీకు సరిపోకూడదు.

ఈ చివరి మాటలు మీకు. ఆ గొంతును యంత్రానికి మేపిన డబ్బింగు సంస్థకు, దాన్ని ప్రసారం చేసిన ఛానెల్‌కు, అది సంబరంగా చెప్పుకున్న పద్మనాభ్‌కు. ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద హక్కు ఉందని ఈ దేశపు చట్టంలో రాసిపెట్టి ఉంది. చదవకపోతే చదవండి. ఆ చివరి భాగంలో యంత్రం పలికినదంతా తీసివేయండి. తీసేంతవరకూ దాని కింద నుంచి కృపారాణి పేరు తొలగించండి. యంత్రానికి నేర్పిన ఆమె గొంతును చెరిపివేసి, చెరిపివేశామని ఆమెకు మాటమాత్రంగా కాక, రాతపూర్వకంగా చెప్పండి. ఇకమీద ఆమె గొంతుతో ఒక్క మాట పలికించాలన్నా ముందుగా ఆమెను అడగండి. బాలచంద్రను ఆ గదిలోకి రప్పించి లైటు వేయించండి. సగం చెవితో వినేవారు ఎన్ని ఇళ్లలో ఉన్నారో మీకు తెలియదు. వారందరికీ ఆ చివరి మాట బాకీ ఉన్నారు.

మీరు అమ్ముకుంటున్న కథలో మూడు వందల ఏళ్లుగా నెత్తురు తాగిన పిశాచి కూడా గడప దగ్గర ఆగింది. మీరు ఆగలేదు. ఇప్పుడైనా వెనక్కి వెళ్లి, గడప బయట నిలబడి, కృపారాణిని పిలవండి. పిలిస్తే వస్తుంది.